కంచెకు చల్లిన రాతిపిండి

పోయిన నెల కళ్ల పరీక్షకని మనుమడు నన్ను కామారెడ్డికి తీసుకుపోయినప్పుడు, స్టేషన్ రోడ్డులో ఒక ఎరువుల దుకాణం ముందు లారీ అడ్డంగా నిలబడి ఉండడంతో మా ఆటో కాసేపు కదలలేదు. హమాలీలు బస్తాలు దింపుతున్నారు. ఒక బస్తా మూల చినిగి బూడిదరంగు పొడి రోడ్డు మీదికి సన్నగా కారుతుంటే, ముక్కుపుటాలను పట్టుకునే ఆ పుల్లని ఘాటు మా దాకా వచ్చింది. మనుమడు జేబురుమాలు తీసి నా చేతిలో పెట్టి ముక్కు మూసుకొమ్మన్నాడు. నేను మూసుకోలేదు సరికదా, గుండెనిండా పీల్చి పైకే వినపడేటట్టు పాండురంగణ్ణి తలచుకున్నాను. ఎరువు వాసనకు దేవుడు గుర్తుకొచ్చే అవ్వను వాడు ఎక్కడా చూసి ఉండడు, తెగ నవ్వాడు. సాయంత్రం కూర్చోబెట్టి చెప్పబోతే వాడికి వినే తీరిక లేకపోయింది. మీకు చెప్తాను. ఎడ్లబండి మీద వచ్చి ఇదే స్టేషన్లో మొదటిసారి రైలును చూసిన తరం మనది, మీకైతే మాటమాటకూ ఆగి వివరించవలసిన పని ఉండదు.

నా పుట్టినిల్లు బిచ్కుంద దిక్కు. మా నాయన పాండురంగడి భక్తుడు, మెడలో తులసిపూసలు లేకుండా ఆయనను నేను ఎన్నడూ చూడలేదు. మా వాకిట్లో భజన జరిగితే తెలుగు వాళ్లు తెలుగులో, మరాఠీ వాళ్లు మరాఠీలో, కన్నడం వాళ్లు కన్నడంలో ఎవరి పాట వాళ్లు అందుకునేవాళ్లు, తాళం మాత్రం అందరిదీ ఒక్కటే. ఆడపిల్లలకు బడి లేని ఆ రోజుల్లో నాకు అక్షరాలు వచ్చింది ఆ గోష్ఠిలోనే. నాయన పురాణం చదువుతూ వేలు ఏ వరుస మీద కదిలితే నా కన్ను ఆ వరుస మీద కదిలేది, అట్లా ఒకనాటికి ఆయన వేలు అవసరం లేకుండా పోయింది. ఇవాళ నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే ఆ సత్సంగం పెట్టిన భిక్షే.

నిజాంసాగర్ కట్ట పూర్తయిన కొన్నేళ్లకు నన్ను ఎల్లారెడ్డి పక్క ఊరికి ఇచ్చారు. అత్తవారింటికి సాగనంపేటప్పుడు మా నాయన అరణంగా ఒక ఎర్రావును నా బండి వెనుక కట్టి పంపించాడు. అరణపు ఆవు అంటే మీకు తెలిసిందే, అది ఆడపిల్ల పేరు మీద వచ్చిన ఆవు. అది ఎంత ఈనినా ఆ మంద ఆమెదే. దాని మంచి ఆమె మంచి, దాని చెడు ఆమె చెడు అన్నట్టు చూసేవాళ్లు. దాన్ని పుట్టింటికి తిప్పి పంపడమంటే, పిల్లను వెనక్కి పంపినంత మాట. నా కథంతా ఆ ఆవు మీదనే నిలబడి ఉంది గనుక ఈ సంగతి ముందే చెప్పిపెడుతున్నాను.

మా అత్తవారిల్లూ భక్తుల ఇల్లే. చుట్టుపక్కల గూడేల నుంచి, పల్లెల నుంచి జనం ఏకాదశికి మా ఇంట్లో పోగయ్యేవాళ్లు. మా మామ తంబుర పట్టుకుని ముందు కూర్చునేవాడు. ఆ రోజంతా ఉపవాసం, మర్నాడు ద్వాదశి తెల్లవారగానే కాకడ హారతి, ఆ పైన దేవుడికి పాలు నైవేద్యం పెట్టి, ఆ ఇంటి పెరుగుతో కలిపిన అన్నం అందరూ పంక్తిలో కూర్చుని తిని ఉపవాసం విడిచేవాళ్లు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పాలు నా ఎర్రావువే. మా అత్త మాట కటువు, నిష్ఠ ఇంకా కటువు. పొదుగు కడగకుండా చేయి పెడితే చెంబు లాగేసుకునేది. అయినా ద్వాదశినాడు ఆవును పితికే పని నాకే వదిలేది. ఆ ఇంట్లో నాకంటూ ఒక చోటు ఉందంటే అది ఆ పొదుగు దగ్గరే.

మా ఊరి పశువులన్నీ మేసేది ఊరికి ఎగువనున్న ఉమ్మడి కంచె బీడులో. సాగర్ నీళ్లతో కాలువ కింది ఊళ్లు పచ్చబడ్డాయి గాని, మేము ఎగువన పడ్డాము, మా దిక్కు కాలువ రాలేదు. పైగా వాగు ఒడ్డున మంచి గడ్డి పెరిగే పల్లపు నేలలు నీళ్ల కింద పోయి, అక్కడ మేసే మందలన్నీ మా గరుసు కంచె మీద పడ్డాయి. ఏటా మేయడమే తప్ప ఆ నేలకు ఎవరూ ఏదీ వేసింది లేదు. కంచెకు ఎరువు వేస్తారని ఎవరైనా చెబితే మేఘాలకు సున్నం కొడతారని చెప్పినట్టే నవ్వేవాళ్లం. అట్లా ఉండగా రెండేళ్లు వానలు కూడా పలుచబడ్డాయి. పశువుల వెంట్రుక బిరుసెక్కింది, పక్కటెముకలు తేలాయి, లేచి నిలబడాలంటే ముసలివాళ్ల లాగ మోకాళ్లు పట్టేసి మూలిగేవి. నా ఎర్రావు ఎదకు రావడం మానేసింది, పాలు చెంబు అడుగుకు దిగాయి.

ఒకనాటి మాపు పసుల కాపరి మందను తోలుకొచ్చి, మిగతా పశువులను విడిచిపెట్టి మా వాకిట్లోనే నిలబడిపోయాడు. మా మామ ఈడు మనిషి, నోట మాట తూచి మాట్లాడేవాడు. తలగుడ్డ తీసి చేతులు నలుపుతూ, "పటేలమ్మా, చెప్తె పాపం, చెప్పకుంటె ఇంకింత పాపం. మీ ఎర్రావు బొక్కలు నముల్తున్నది" అన్నాడు. చచ్చిన పశువులను వేసే గడ్డ కంచె చివరన ఉండేది. అక్కడి ఎండిన ఎముక ఒకటి నోట పట్టి, చెరకు ముక్క నమిలినట్టు కళ్లు మూసుకుని నములుతున్నదట. మా అత్త వాడి మీదికి లేచింది. తాగి మాట్లాడుతున్నావా అన్నది. వాడు మాత్రం తొణకకుండా, "తాగితె మంచి మాటలే చెప్తుంటి గదమ్మా" అన్నాడు. మర్నాడు అత్త తానే వెంట పోయి చూసి వచ్చింది. వచ్చి స్నానం చేసి, తులసికోట ముందు కూర్చుంది. అక్కడి నుంచే నన్ను పిలిచింది. "మీ బిచ్కుంద దిక్కు ఆవులు గిట్లనే ఉంటయా పిల్లా?"

తులసిపూసలు వేసుకున్న ఇంట్లో, ఉల్లిపాయ కూడా గడప దాటని ఇంట్లో, దేవుడికి పాలిచ్చే ఆవు శవాల గడ్డలో ఎముకలు నమలడం. మర్నాటి నుంచి అత్త దాని మూతికి తాటినారతో అల్లిన చిక్కం కట్టి మేతకు పంపింది. కాపరి సాయంత్రం తిరిగొచ్చి చెప్పిన మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "చిక్కం గట్టి మేతకు తోలితె ఎట్ల మేస్తదమ్మా? దాన్ని సుత ఏకాశి పట్టుమంటున్రా?" ఇంట్లో ఎవరూ నవ్వలేదు గాని, మా ఇంటాయన మాత్రం ముఖం గోడకు తిప్పుకున్నాడు.

ఊళ్లో మాట ఆగుతుందా. ఆ తర్వాతి ద్వాదశినాడు కాకడ హారతి అయింది, నైవేద్యం అయింది, పంక్తి పరిచాము. చాలామంది తులసితీర్థం కళ్లకద్దుకుని, ఇంటి దగ్గర ఏదో పని ఉందని, కడుపులో బాగలేదని ఒకరొకరే లేచిపోయారు. కూర్చున్న ఇద్దరు ముగ్గురూ పెరుగు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఎవరూ నొప్పించే మాట అనలేదు, అదే ఎక్కువ నొప్పించింది. మా మామ ఆ పెరుగంతా తీసుకెళ్లి మోట బావి దగ్గర చెట్లకు పోయించాడు. రాగానే నన్ను పిలిచి మెల్లగానే చెప్పాడు. ఆవు మీద తనకు కోపం లేదట, నా మీద అసలే లేదట. దేవుడి ఎదుట అనుమానం ఉన్న వస్తువు పెట్టకూడదట. కార్తీక ఏకాదశి దాకా చూస్తాడట, అప్పటికీ అది ఆ గుణం మానకపోతే మా పుట్టింటికి తోలించేస్తాడట. ఆయన చెప్పిన తీరులో ఎంతో దయ ఉంది. కాని ఆ మాటకు అర్థం ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆవు వెనక్కి పోతే, ఈ పిల్ల దిక్కు నుంచే దోషం వచ్చిందని గోష్ఠి అంతటి ఎదుట మామ ఒప్పుకున్నట్టు. నేను అక్కడ బతకగలను, తినగలను, దీపం ముట్టించగలను, కాని ద్వాదశినాడు ఆ గిన్నె ముట్టే హక్కు మళ్లీ రాదు.

ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన చిన్నది. ఆవును మార్చమని అడగలేదు. ఇది ఎందుకు ఇట్లా చేస్తున్నదో ఎవరికో ఒకరికి తెలిసి ఉంటుంది, వాళ్లను చూపించమని అడిగాను. గోష్ఠిలో పెరిగినందుకు నాకు అబ్బిన నమ్మకం ఒక్కటే. దేవుడు మాట్లాడదలుచుకుంటే ఎవరి నోటితోనైనా మాట్లాడతాడు, మనం చెవి మూసుకోకుండా ఉంటే చాలు.

మా ఇంటాయన బెల్లం బండి కట్టుకుని కామారెడ్డి పోయినప్పుడు పశువుల దవాఖానకు వెళ్లాడు. అక్కడి డాక్టరు పట్నం నుంచి వచ్చిన ముసల్మాను. తెల్లటి గడ్డం, తలమీద టోపీ, ఊళ్లు తిరిగే దౌరాకు గుర్రం మీద వచ్చి పశువు నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేవాడని ఆ ప్రాంతమంతా చెప్పుకునేవాళ్లు. ఆయన విన్నాడు, మోకాళ్లు పట్టేస్తున్నాయా అని అడిగాడు, ఎదకు రావడం లేదా అని అడిగాడు. కంచె మట్టి ఎట్లాంటిదని అడిగాడు. అన్నీ విని, "నీ ఆవుకు దయ్యం గియ్యం ఏం లేదు పటేల్. భూక్ నీ కంచెకు అయింది. గడ్డిల బొక్కను గట్టిచేసే సత్తువ లేదు. అది యాడ దొరుకుతదో నీ ఆవు ఆడ నోరు పెట్టింది. బేజుబాన్ జానవర్, అడుగుదామంటె నోరు లేదాయె" అన్నాడట. ఈ మాట మా ఇంటాయన ఇంటికొచ్చి చెప్తుంటే నేను తలుపు వెనుక నిలబడి విన్నాను. అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. పాపం కాదట. దోషం కాదట. ఆకలి అట.

అయితే మందు చెప్పేసరికి మళ్లీ పిడుగు పడ్డట్టయింది. దాణాలో ఎముకల పొడి కలిపి పెట్టడం అన్నిటికంటె తొందర ఉపాయమని డాక్టరు అన్నాడట. అత్త చేతిలోని చేట కిందపడింది. "బొక్కలు తింటున్నదని ఏడుస్తుంటె, బొక్కలే పెట్టుమంటున్నడా! సిగ్గు లేకుంట గా మాట మోసుకొస్తివా బిడ్డా!" అని కొడుకు మీద విరుచుకుపడింది. మా ఇంటాయన ఓపికగా డాక్టరు చెప్పిన రెండో దారి చెప్పాడు. రాతిని మరలో పిండిచేసి, దానికి ఘాటైన ద్రావకం పట్టించి చేసే పొడి ఒకటి రైలులో దిగుతున్నదట, దాన్ని కంచెకే చల్లితే గడ్డి వేళ్లతో తాగి పశువుకు అందిస్తుందట. చల్లి చూపించడానికి సర్కారు కొన్ని బస్తాలు నమూనాగా ఇస్తుందట. వానలకు ముందర కంచెలో ఒక చెక్క నేలను కట్టుదిట్టం చేసి, పశువులను పోనీయకుండా పెంచి, గడ్డి కోసి వేయాలి. మా మామ మాత్రం, నేలకు తినిపించేదాంట్లో తప్పేముంది, భూదేవి రాయిని తినే పుట్టింది గదా అని ఒప్పుకున్నాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. అది రాయే అని తన కళ్లకు రుజువు కావాలి. ఎందుకంటే ఆ రోజుల్లో పల్లెపల్లె తిరిగి ఎముకలు ఏరి, కామారెడ్డి స్టేషన్లో వ్యాగన్లకు ఎత్తడం మనందరమూ చూసిందే. బస్తాలో వచ్చే బూడిదరంగు పొడి ఏదైనా సరే జనం బొక్కల పిండే అనుకునేవాళ్లు.

బస్తాలు తొలి ఏకాదశికి ముందురోజు దిగాయి. దశమి మధ్యాహ్నానికి బండి వచ్చింది, మబ్బు కూడా వచ్చింది. డాక్టరు తొందరగా చల్లమన్నాడు, తడవనీయవద్దన్నాడు. కాని మర్నాడు ఏకాదశి. ఆ రోజు మా ఊళ్లో నాగలి కదలదు, ఎద్దు మెడ మీద కాడి పడదు, మనిషి చేయి మట్టిలో పడదు. ఎద్దుకూ జీతగాడికీ కూడా ఒక విరామం ఉండాలని పెద్దలు పెట్టిన నియమం అది, మా మామ దాన్ని రాజుకోసం కూడా తప్పించేవాడు కాదు. పోనీ బస్తాలు ఇంట్లో పెడదామంటే, రుజువు కానిది గడప లోపలికి రావడానికి అత్త ఒప్పుకోలేదు. కొట్టం కింద పెట్టారు. ఆ కొట్టం కప్పు చిల్లుల కప్పు. సాయంత్రం మొదలైన వాన తెల్లవార్లూ పడింది. ఏకాదశి ఉదయం మా ఇంటాయన ఒక బస్తా మీద చెయ్యి వేసి, గుద్ది చూసి, నా వైపు చూశాడు. పిండి కాస్తా గడ్డకట్టి బండరాయి అయి కూర్చుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంత దూరం నుంచి దేవుడు పంపించినదాన్ని దేవుడి నియమమే పాడుచేసిందా అనుకున్నాను.

ఆ సాయంత్రం గోష్ఠికి జనం మామూలు కన్న ఎక్కువే వచ్చారు, భజనకు కొందరు, బస్తాలు చూడడానికి కొందరు. మా మామ తంబుర పక్కన పెట్టి, దాపరికం లేకుండా ఉన్నదంతా చెప్పాడు. ఆవు సంగతి, డాక్టరు మాట, ఎముకల అనుమానం. ఒక మూకుడులో నిప్పులు తెప్పించి, గట్టిపడిన బస్తాలో నుంచి ఒక పలుకు విరిచి, మరోవైపు శవాల గడ్డ నుంచి కాపరితో తెప్పించిన ఎముక ముక్క పెట్టించి, వాకిలి బయట రెంటినీ కాల్పించాడు. ఎముక కాలినప్పుడు వెంట్రుకలు కాలిన కంపు లేచి అందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పొడి నుంచి పుల్లటి ఘాటు తప్ప ఇంకేమీ రాలేదు. కామారెడ్డిలో ఆటోలోకి వచ్చినది ఆ ఘాటే. మా మామ చేతులు జోడించి, ఇది రాయే, నా అనుమానం తీరింది, ఇక మీ అనుమానం మీరు చెప్పండి, నా ఇంటి పాలు మీకు వద్దంటే కార్తీకం దాకా ఎందుకు, గోష్ఠి ఇవాళే వేరే ఇంటికి మారుద్దాం అన్నాడు.

నేను వంటింటి తలుపు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మా వెనుకింటి అవ్వ, భజనలో ఆడవాళ్ల వరుసకు పెద్దది, పోయిన ద్వాదశికి కడుపునొప్పి అని అందరికంటె ముందు లేచిపోయిన మనిషి, గొంతు సవరించుకుంది. "బాపూ, నువ్వు గట్ల చేతులు జోడియ్యకు, నాకు పాపం తగుల్తది. మా బర్రె గూడ నముల్తది. కుక్క నోట్లెకెల్లి బొక్క గుంజుకున్నది. కుక్క బెదిరి నా దిక్కు జూసింది, నేను కుక్క దిక్కు జూసిన, ఇద్దరం ఎవలకు చెప్పలే."

ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వుతో కట్ట తెగినట్టు ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. ఒకాయన ఎడ్లు పాత చెప్పులు నములుతున్నాయట. అది విని మద్దెల వాయించే పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "ఆగుండ్రి. మొన్న ఏకాశినాడు గీ వాకిట్లనే నా చెప్పు పోయింది. దేవుని ముంగట కూసోని మిమ్ముల అందరిని మనసుల తిట్టుకున్న. ఎవలి ఎద్దురా అది?" మరొక ఇంటి దూడలు మట్టి నాకుతున్నాయట. ఇంకొక ఇంట రెండు ఆవులు ఎండాకాలంలో నిలబడలేక పడిపోతే దిష్టి అనుకున్నారట. ఎవరి ఆవు సంగతి వాళ్లు చీకట్లో దాచుకుని, కాపరి కళ్లబడ్డ నా ఎర్రావునే అందరూ దోషిని చేశారు. కాపరి మాత్రం గోడకు ఆనుకుని, "నాకు అందరియి తెల్సు. చెప్పింది ఒక్కరికే. ఒక్కసారి చెప్పినందుకే నన్ను తాగుబోతును చేస్తిరి" అన్నాడు. మా అత్త వాడికి ఆ రోజు తన చేత్తో పళ్లు ఇచ్చింది, ఉపవాసం రోజు అంతకన్న పెద్ద గౌరవం ఆమె ఎరగదు.

మర్నాడు ద్వాదశి. నియమం విడిచిన వెంటనే, పంక్తి లేచిన చేతులతోనే అందరూ కంచెకు కదిలారు. గడ్డలు పగలగొట్టాలి. దేవుడి బియ్యం దంచే రోకళ్లు దీనికి పనికిరావని అత్త అడ్డం పడితే, దుక్కిలో పెళ్లలు కొట్టే కట్టె గూటాలు తెచ్చారు. మగవాళ్లు కొట్టారు, ఆడవాళ్లం జల్లెళ్లలో జల్లించాము, ముసలివాళ్లు ఒడిలో పోసుకుని విత్తనం చల్లినట్టు చల్లారు. కొట్టే గూటానికి తాళంగా ఎవరో భజన ఎత్తుకున్నారు, మద్దెల పెద్దమనిషి ఖాళీ బస్తా మీద దరువు వేశాడు. ఆ పొడి చెమటకు అంటుకుని చేతులు మండాయి, వేళ్ల సందులు పగిలాయి. అంత మంట పుడుతున్నా నాకు ఆ రోజు ఏదో చల్లటి నీళ్లలో చేతులు పెట్టినట్టు ఉంది. ఏకాదశి నియమం వల్ల పొడి గడ్డకట్టకపోయి ఉంటే మా ఇంటాయన, జీతగాడు ఇద్దరే ఒక పూటలో చల్లి వచ్చేవాళ్లు. అప్పుడది మా ఇంటి మందు అయ్యేది. గడ్డకట్టబట్టి ఊరి మందు అయింది. దేవుడు చెడగొట్టాడని ముందురోజు నేను అనుకున్నదాని లోపల ఏముందో అప్పుడు కనపడింది.

ఆ ఏడు వానలు కూడా కనికరించాయి. కట్టుదిట్టం చేసిన చెక్కలో ముందు తేడా ఏమీ కనపడలేదు, కొందరు పెదవి విరిచారు. శ్రావణం దాటేసరికి చల్లినంత మేరా గీత గీసినట్టు ముదురు పచ్చగా తిరిగింది. గడ్డి మధ్యలో, ఎన్నడో చిన్నప్పుడు చూశామని పెద్దవాళ్లు చెప్పుకునే పిల్లిపెసర తీగ ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి అల్లుకుంది. ఎవరూ విత్తింది కాదు, నేలలో ఎక్కడో ఆకలితో ముడుచుకుని పడుకున్న గింజ లేచింది. కోసిన గడ్డిని ఇంటికింత అని పంచారు. పశువులు గాటి దగ్గర ఆబగా తినేవి, తిన్నాక తృప్తిగా నెమరు వేసేవి. ఎర్రావు వెంట్రుక మెల్లగా నునుపు తేరింది, లేచేటప్పుడు మూలగడం మానింది. అయినా మా అత్త నమ్మలేదు. ఒళ్లు బాగుపడితే గుణం బాగుపడ్డట్టేనా అన్నది.

కార్తీకం వచ్చింది. ఏకాదశికి ముందురోజు అత్త చిక్కం విప్పేసి, నన్ను వెంటబెట్టుకుని ఆవును తానే తోలుకుంటూ కంచె చివరి గడ్డ దాకా నడిచింది. అక్కడ ఎండిన ఎముకలు తెల్లగా పడి ఉన్నాయి. ఆవు వాటి మధ్యలోకి పోయింది. తల వంచింది. ఒక పెద్ద తొడ ఎముక మీద ముక్కు పెట్టి వాసన చూసింది. అత్త నా మణికట్టు పట్టుకుంది, ఎంత గట్టిగా అంటే గాజు ఒకటి చిట్లింది. ఆవు ఊపిరి వదిలింది, ఆ ఊపిరికి ఎముక మీది దుమ్ము కొంచెం లేచింది. తర్వాత అది ఎముకను దాటి, అవతల పక్క మొలిచిన గడ్డి పోచ అందుకుంది. ఇంకొక పోచ అందుకుంది. అట్లా మేస్తూ మేస్తూ ఆ గడ్డ దాటి వెళ్లిపోయింది. అత్త అక్కడే మట్టిలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతటి కటువు మనిషి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ముఖం తుడుచుకుని, "మీ నాయిన మంచావునే ఇచ్చిండు బిడ్డా" అన్నది. అంతవరకు నేను ఆమెకు పిల్లను, కోడలిని. బిడ్డా అన్నది ఆనాడే.

ఆ ద్వాదశికి పాలు నేనే పితికాను, నైవేద్యం గిన్నె నేనే అందించాను. పంక్తిలో వెనుకింటి అవ్వ రెండుసార్లు పెరుగు వేయించుకుని, "కడుపునొప్పికి పెరుగు మంచిది" అని నా వైపు కన్ను గీటింది. మరుసటి ఏడు ఎర్రావు ఈనింది. డాక్టరు సాబు దౌరాకు వచ్చి దూడను నిమిరి, మా మామ ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగాడు. ఆయన తన దేవుడికి, ఈయన తన దేవుడికి శుక్రియా చెప్పుకోవడం నేను తలుపు వెనుక నుంచి చూశాను. ఆ తర్వాత యుద్ధం వచ్చి ఆ పొడి రావడం తగ్గింది, మళ్లీ వచ్చింది, ఆ మీదట కాలం మారి ఊరూరికీ దుకాణం వచ్చింది.

ఇప్పుడు ఎరువు అడిగినంత దొరుకుతుంది, నిప్పుల మీద వేసి చూసేవాళ్లు ఎవరూ లేరు, ఉండవలసిన పనీ లేదు. పశువులు ఎముకలు నమలడం మా మనుమలు చూడనే లేదు, అందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను, ఆ పశువుల బాధ తీరిందంటే నాకు నిజంగా ప్రాణం హాయిగా ఉంటుంది. కంచె మాత్రం లేదు. కొంత పట్టాలైంది, కొంత రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. మా ఇంట్లో ఆవు కూడా లేదు. ద్వాదశి పొద్దున కోడలు పాల ప్యాకెట్ మూల కత్తిరించి గిన్నెలో పోసి నా చేతికి ఇస్తుంది. తెల్లటి, శుభ్రమైన పాలు. అవి ఏ ఊరివో, ఆ ఆవు ఏ నేల మీద ఏం మేసిందో గుడిలో ఎవరూ నన్ను అడగరు. నా ఆవు ఏం తింటున్నదని ఊరంతా అడిగిన ఆ కొన్ని నెలలు నేను బతికుండి చచ్చాను, అట్లాంటి రోజులు ఏ ఆడపిల్లకూ రాకూడదు. అయినా గిన్నె దేవుడి ముందు పెట్టి కళ్లు మూసుకునేటప్పుడు, ఒక్కొక్కసారి, వెనుక నుంచి ఎవరైనా అడిగితే బాగుండుననిపిస్తుంది.